అమత్రిచానాలో వెల్లుల్లి వేస్తే మునిసిపాలిటీ ఊరుకోదు

2015 ఫిబ్రవరిలో ఇటలీ టీవీలో ఒక షోకి వచ్చిన పేరున్న చెఫ్ కార్లో క్రాకో, మాటల్లో మాటగా పాస్తాలో కలిపే తన అమత్రిచానా సాసులో పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బ ఒకటి పడుతుందని అన్నాడు. అంతే, ఆ సాసుకి పేరిచ్చిన అమత్రీచె అనే చిన్న ఊరి మునిసిపాలిటీ ఫేస్‌బుక్‌లో అధికారికంగా జవాబు పెట్టింది. పంది దవడ మాంసం, పెకొరినో చీజ్, వైట్ వైన్, టమాటా, మిరియాలు, మిరపకాయ, ఇంతకు మించి ఇందులో ఇంకేమీ పడదు అని. ఒక్క వెల్లుల్లి రెబ్బకి ప్రభుత్వ ఖండన అన్నమాట!

ఇటలీ ప్రాంతీయ వంటల మీద వచ్చే టీవీ షోలు ఎందుకు అంత బాగుంటాయో అర్థం కావాలంటే ఈ గొడవ దగ్గర మొదలుపెట్టాలి. తిండి చూస్తే నోరూరడం మామూలే, అది ఏ దేశం తిండికైనా జరిగేదే. ఈ షోల్లో అసలు రుచంతా ఊళ్ల మధ్య తగువుల్లో ఉంటుంది.

ఈ మధ్య కాలంలో వీటిలో బాగా పేరొచ్చింది స్టాన్లీ టూచీ చేసిన 'సెర్చింగ్ ఫర్ ఇటలీ'. అమెరికన్ సినిమా నటుడు, తల్లివైపూ తండ్రివైపూ మూలాలు ఇటలీ దక్షిణపు కొసన ఉండే కాలబ్రియాలో. సీఎన్ఎన్‌లో 2021 ఫిబ్రవరి 14న మొదలైంది. అప్పుడు జనం పరిస్థితి ఏంటో గుర్తు చేసుకోండి, పక్కవీధికి వెళ్లాలన్నా మాస్కు, విమానాలు అంతంతమాత్రం, ఇంట్లో వండిందే మళ్లీ మళ్లీ తిని విసుగెత్తిపోయిన రోజులు. అలాంటప్పుడు ఒక బట్టతల పెద్దమనిషి, ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని, నేపుల్స్ సందుల్లో నడుస్తూ వేయించిన పిజ్జా తింటుంటే అంటుకోకుండా ఎలా ఉంటుంది! వారానికో ప్రాంతం. మొదటి సీజన్‌లో నేపుల్స్, రోమ్, బొలోన్యా, మిలాన్, టస్కనీ, సిసిలీ. 2021, 2022 రెండేళ్లూ ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

వంటల షోలు స్థూలంగా రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి స్టవ్ ముందు నిలబడి కొలతలు చెప్పేది, ఈటీవీ అభిరుచి లాంటి వాటికి మనం బాగా అలవాటు పడ్డాం, ఒకప్పుడు కాగితం పెన్ను పట్టుకుని కూర్చునేవాళ్లు, ఇప్పుడు యూట్యూబ్‌లో ఆపి ఆపి చూస్తున్నారు. రెండోది గడియారం పెట్టి పోటీ నడిపేది, అందులో తిండి కంటే ఏడుపులే ఎక్కువ. ప్రాంతీయ వంటల షో ఈ రెండింట్లోనూ ఇమడదు. కొలతలు చెప్పరు, గెలిచేవాళ్లు ఓడేవాళ్లు ఉండరు. "ఎలా చేయాలి" అన్న ప్రశ్నకి బదులు "ఇది ఈ ఊళ్లోనే ఎందుకు పుట్టింది" అన్న ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకి జవాబు దొరికిన ఎపిసోడ్లు బాగుంటాయి, దొరకనివి పోస్టుకార్డు బొమ్మల్లా మిగిలిపోతాయి. తేడా అంతే.

దగ్గరగా ఒక్క వంటకం చూద్దాం. నేపుల్స్ కింద, సముద్రం ఒడ్డున నెరానో అని ఒక ఊరుంది. అక్కడి స్పగెట్టీలో పడేది జుకినీ, అంటే సొరకాయ, గుమ్మడికాయల కుటుంబానికి చెందిన లేత పచ్చ కాయ. దాన్ని చక్రాల్లా పల్చగా తరిగి నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తారు. కరకరలాడుతూ ఉండగానే తినేస్తారేమో అనుకుంటాం, కాదు. తీసి, తులసి జాతికే చెందిన బేజిల్ ఆకు తుంచి వేసి, ఒక రాత్రి అలా పక్కన పెట్టేస్తారు. తెల్లారేసరికి ఆ ముక్కలు మెత్తబడి, తియ్యగా మారి, చూడటానికి ఏమాత్రం ఆకర్షణ లేకుండా తయారవుతాయి. తర్వాత వాటిని పాస్తా ఉడికిన నీళ్లతో, అంటే ఇంచుమించు మన గంజి లాంటి దానితో వేడిచేసి, స్పగెట్టీ వేసి, మంట మీంచి దించేశాక ప్రొవొలోనే దెల్ మోనకో అనే ఆ చుట్టుపక్కల కొండల చీజ్ తురిమి గిన్నె ఎగరేస్తూ కలుపుతారు. క్రీమ్ లేదు, వెన్న దాదాపు అవసరం లేదు, గంజీ చీజూ కలిసి సాసు అయిపోతుంది. టూచీ భార్య ఫెలిసిటీతో కలిసి వెళ్లి ఇది తింటాడు. ఆ ఎపిసోడ్ వచ్చాక నెట్‌లో జనం ఎగబడి చేసిన వంటకం ఇదే. పైన మాంసం లేదు, మెరుపు లేదు, నాలుగు వస్తువులు. రాత్రంతా పక్కన పెట్టడం అనే చిన్న కిటుకే దీనికంతటికీ ప్రాణం, చాలామంది ఇంట్లో చేసేటప్పుడు ఎగ్గొట్టేది కూడా సరిగ్గా అదే.

టీవీకి ఉన్న పెద్ద ఇబ్బంది రుచినీ వాసననీ చూపించలేకపోవడం. అందుకే తినేవాడి ముఖం మీదే భారమంతా పడుతుంది. ఎక్కువమంది యాంకర్లు నోట్లో పెట్టుకోకముందే "అబ్బ అబ్బ" అనేస్తారు, తెలుగు చానళ్లలో కూడా ఈ జబ్బు బాగా ఉంది. టూచీ ముందు నములుతాడు. కాసేపు ఏమీ అనడు. కళ్లు కొంచెం చిన్నవవుతాయి, తర్వాత ఎదుటివాళ్ల వైపు చూసి తల ఊపుతాడు. ఆ రెండు మూడు సెకన్ల మౌనంలోనే చూసేవాడికి రుచి ఏదో అందినట్టు అనిపిస్తుంది. దీని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. 2017లో ఆయనకి నాలుక మొదట్లో కాన్సర్ అని తేలింది. రేడియేషన్ తర్వాత నెలల తరబడి ట్యూబుతోనే తిండి, రుచీ వాసనా రెండూ పోయాయి. ఈ విషయం ఆయనే 2021లో బయటపెట్టాడు. అది తెలిశాక మళ్లీ చూస్తే ఆ నమలడం వేరేగా కనిపిస్తుంది.

సరే, తగువుల సంగతికి వద్దాం. ఇటలీ ఒకే దేశం అయింది 1861లో, రోమ్ చేతికొచ్చింది ఇంకా ఆలస్యంగా 1870లో. అంతకుముందు రాజ్యాలు, డ్యూకుల సంస్థానాలు, పోప్ భూములు, ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న ముక్కలు. కాబట్టి 'ఇటాలియన్ వంట' అనే మాట అక్కడి మనిషికి కొంచెం పరాయిదే. సొంత ఊరి మీద ఈ పట్టుదలకి వాళ్ల భాషలో కంపనిలిజ్మో అని పేరు, చర్చి గంట గోపురాన్ని బట్టి వచ్చిన మాట. గంట శబ్దం వినపడినంత మేర మన ఊరు, అది దాటితే వాళ్లకి వంట రాదు! ఈ మాట మనవాళ్లకి విడమర్చి చెప్పనక్కర్లేదు, పప్పుచారు ఎలా ఉండాలో రెండు జిల్లాల వియ్యంకులు కూర్చుని తేల్చుకోలేని సంగతి తెలిసిందే కదా.

బొలోన్యా వాళ్లయితే ఈ పట్టుదలని ఆఫీసు ఫైలు దాకా తీసుకెళ్లారు. అక్కడి వాణిజ్య మండలిలో బంగారంతో చేసిన ఒక తాల్యతెల్లె ముక్క భద్రంగా ఉంది, 1972లో పెట్టారు. రిబ్బనులా ఉండే ఈ పాస్తా ఉడికాక సరిగ్గా 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, ఊళ్లో ఉన్న అసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతు అని లెక్క కూడా కట్టారు. పదేళ్ల తర్వాత, 1982లో, మాంసంతో చేసే రగూ సాసు వంటకాన్ని కూడా అదే చోట దాఖలు చేశారు. 2023లో దాన్ని సవరించారు కూడా. ఇక ప్రపంచమంతా హోటళ్లలో దొరికే 'స్పగెట్టీ బొలొనీజ్' అనేది బొలోన్యాలో లేనే లేదు, రగూ తాల్యతెల్లెతోనే తినాలి. 2019లో ఆ ఊరి మేయరు వర్జీనియో మెరోలా ప్రపంచం నలుమూలల నుంచి స్పగెట్టీ బొలొనీజ్ ఫొటోలు పంపమని అడిగి, ఇది ఫేక్ న్యూస్ అని చెప్పుకొచ్చాడు. నవ్వులాటగానే అనుకోండి, కానీ మేయరుకి ఆ పని ఉండటమే ముచ్చట. మంచి షో ఏం చేస్తుందంటే ఈ పట్టింపుల్ని వెటకారం చేయదు, అలాగని పూర్తిగా నమ్మేయదు. రెండు వంటిళ్లలోకి తీసుకెళ్లి, రెండు గిన్నెలు చూపించి, ఇద్దరూ తమదే అసలైనదని ప్రమాణం చేస్తుంటే మధ్యలో నిలబడి తింటుంది.

ఈ గొడవలన్నీ ఉత్తినే వేళాకోళం కూడా కాదు. మొదట్లో చెప్పిన ఆ అమత్రీచె ఊరు 2016 ఆగస్టు 24న వచ్చిన భూకంపంలో నేలమట్టమైంది. అప్పుడు ఇటలీ హోటళ్లు ఏం చేశాయంటే, అమ్మిన ప్రతి అమత్రిచానా ప్లేటుకి తిన్నవాడు ఒక యూరో, హోటల్ ఒక యూరో చొప్పున ఆ ఊరికి పంపాయి. ఏడాదిన్నర కింద వెల్లుల్లి గురించి కొట్లాడిన ఊరికి ఆ సాసే సాయం తెచ్చింది.

రోమ్ ఎపిసోడ్‌లో పశువుల పేగులూ తోకా తినడం చూసి కొందరు ముఖం చిట్లిస్తారు. టెస్టాచో అనే పేటలో పెద్ద కబేళా ఉండేది, మంచి మాంసం డబ్బున్నవాళ్లకి పోయాక మిగిలినవి కూలీలకి దక్కేవి. దాన్ని అక్కడ 'అయిదో పావు' అంటారు. మన బోటీ, తలకాయ కూర తెలిసినవాళ్లకి ఇందులో వింత ఏమీ లేదు, కాబట్టి ముందుకు పోదాం.

ఆగాల్సింది ఉత్తరాదిలో. వెనిస్ చుట్టుపక్కలా లొంబార్డీలో పొలెంతా అనే వంటకం ఉంది. రాగి గుండిగలో నీళ్లు మరగబెట్టి, మొక్కజొన్న పిండి పోస్తూ, పొడుగాటి కట్టెతో ముప్పావు గంట దాకా కలుపుతూనే ఉండాలి, చేతులు పడిపోతాయి. తెలంగాణలో మక్క గటక అంటే అర్థమైపోతుంది, రాయలసీమ వాళ్లు సంగటి అనుకోవచ్చు, గట్టిపడ్డాక చెక్క పలక మీద బోర్లించి దారంతో కోస్తారు. టీవీలో ఇది ఎంత అందంగా ఉంటుందో చెప్పలేం: పొయ్యి వెలుగు, ఆవిరి, పసుపు రంగు ముద్ద, పైన పుట్టగొడుగుల కూర. కానీ 18, 19 శతాబ్దాల్లో అక్కడి రైతుకూలీకి పైన పుట్టగొడుగులు లేవు. మూడు పూటలా అదే ముద్ద, ఇంకేమీ లేదు. దానివల్ల పెల్లాగ్రా వచ్చింది: చర్మం పగలడం, విరేచనాలు, ముదిరితే మతి తప్పడం, చివరికి చావు. ఆ రోగానికి పేరు పెట్టింది కూడా ఇటలీ వైద్యుడే, 1771లో, 'గరుకు చర్మం' అని దాని అర్థం. కారణం ఏంటంటే మొక్కజొన్నలో ఉండే నయాసిన్ విటమిన్ ఒంటికి పట్టే రూపంలో ఉండదు. మెక్సికో వైపు మొక్కజొన్న పండించిన పాతకాలపు జనం గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించేవాళ్లు, దాంతో ఆ విటమిన్ విడుదలయ్యేది. ఐరోపా వాళ్లు గింజ తెచ్చుకున్నారు, సున్నం సంగతి వదిలేశారు.

ఇది ఎక్కడో జరిగిన కథలా అనిపించొచ్చు. కానీ దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించేది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థగా మారిన హైదరాబాద్ ప్రయోగశాలలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా దీని మీద పనిచేసి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ రోగానికీ లింకు ఉందని 1960లో ఒక వాదన ముందుపెట్టారు. ఆ వాదన మీద తర్వాత చర్చలు నడిచాయి, అది వేరే కథ. ఇప్పుడు అక్కడ పొలెంతా, ఇక్కడ జొన్నరొట్టె రెండూ 'హెల్దీ ఫుడ్' పేరుతో మంచి రేటుకి అమ్ముడవుతున్నాయి. ఇలాంటి చోటే ప్రాంతీయ వంటల షో అసలు సత్తా తేలుతుంది. 'పేదల వంట' అనే మాట ఇటలీ షోల్లో పదే పదే వినిపిస్తుంది, చిరునవ్వుతో, మెల్లటి సంగీతం మీద. పుల్యా ప్రాంతంలో కోతలయ్యాక దుబ్బులు తగలబెట్టిన పొలంలో మాడిన గోధుమ గింజలు ఏరుకుని పిండి పట్టించుకున్నవాళ్ల తిండి, ఇప్పుడు 'కాలిన గోధుమ పాస్తా' పేరుతో ఖరీదైన మెనూల్లో ఉంది. అది ఆకలి నుంచి వచ్చిందని షో చెబితే ప్లేటు బరువెక్కుతుంది, చెప్పకపోతే ఉత్త ఫ్యాషన్.

కాలబ్రియా ఎపిసోడ్ మాత్రం తెలుగువాళ్లకి బంధువుల ఇంటికి వెళ్లినట్టే ఉంటుంది. ఇటలీ తిండి చప్పగా ఉంటుందని తీర్మానించేసిన వాళ్లకి ముందు ఇది చూపించాలి. ఇళ్ల ముందు ఎండుమిర్చి దండలు వేలాడుతూ ఉంటాయి, దియమాంతె అనే ఊళ్లో ఏటా సెప్టెంబర్‌లో మిరపకాయల పండగ చేస్తారు. స్పిలింగా ఊరి ఎన్‌దూయా అని ఒకటుంది, పంది కొవ్వూ మాంసంలో ఎర్ర కారం దట్టించి, మెత్తగా ఉంచి, రొట్టె మీద పచ్చడిలా పూసుకుంటారు. అందులో కారం ఏదో చిటికెడు కాదు, చేయి ఎర్రబడేంత. అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చిన ఒకే కాయ ఒక కొస గుంటూరు చేరింది, ఇంకో కొస కాలబ్రియా చేరింది, రెండు చోట్లా ఇది తాతల కాలం నుంచీ మాదేనని జనం గుండెల మీద చెయ్యేసుకుని చెబుతారు.

ఇక ఈ షోల్లో తక్కువగా కనిపించే మనుషుల గురించి ఒక మాట. పార్మిజానో రెజ్జానో చీజ్ చక్రం ఒక్కటి తయారవ్వాలంటే దాదాపు 550 లీటర్ల పాలు కావాలి. కెమెరా ఎప్పుడూ రాగి గుండిగల దగ్గరా, సుత్తితో చక్రాన్ని తట్టి చప్పుడు వినే పరీక్షకుడి దగ్గరా ఉంటుంది, అది నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ 550 లీటర్లు పితికేది ఎవరు? పో నది మైదానంలో పశువుల పాకల్లో పనిచేసేవాళ్లలో పంజాబ్ నుంచి వెళ్లిన సిక్కులు చాలామంది. చీజ్ తయారయ్యే రెజ్జో ఎమీలియా జిల్లాలోనే నొవెల్లారా అనే ఊళ్లో 2000లో పెద్ద గురుద్వారా కూడా కట్టుకున్నారు. తెల్లవారుజామున పాక కడిగే తలపాగా మనిషి ఆ చీజు కథలో భాగమే, కానీ 'తరతరాల సంప్రదాయం' అనే స్క్రిప్టులో ఆయనకి చోటు దొరకడం కష్టం. దక్షిణాదిలో టమాటాలు కోసే ఆఫ్రికా కూలీల సంగతీ అంతే.

ఇలా ఊరూరా తిరిగి తినే షో టూచీ కనిపెట్టిందేమీ కాదు. ఇటలీ ప్రభుత్వ చానల్ రాయ్ 1954 జనవరిలో ప్రసారాలు మొదలుపెడితే, మూడేళ్లు తిరిగి నాలుగో ఏడు నడుస్తుండగా, 1957లో, మారియో సొల్దాతి అనే రచయిత, సినిమా దర్శకుడు, కెమెరా పట్టుకుని పో నది వెంబడి బయల్దేరాడు. నోట్లో చుట్ట, తలమీద టోపీ, నలుపు తెలుపు బొమ్మ. 'అసలైన తిండి' వెతుకుతున్నానని చెప్పి ఊళ్లలో దిగేవాడు, రైతుల్నీ వంటవాళ్లనీ కూర్చోబెట్టి అడిగేవాడు. పన్నెండు భాగాలు. గమనించాల్సింది ఏంటంటే, అప్పుడే ఆయన దిగులు అసలైన తిండి ఫ్యాక్టరీల దెబ్బకి పోతోందని! అరవై ఏళ్ల తర్వాత టూచీ షో పేరులో కూడా 'వెతుకులాట' ఉంది. అంటే ఈ జానర్‌కి ఎప్పుడూ తిండి పోబోతూ ఉండాలి, మనం ఆఖరి నిమిషంలో చేరుకున్నట్టు ఉండాలి. చివరి ముసలమ్మ, చివరి గానుగ, చివరి పొయ్యి.

అలాగని ప్రతి ఎపిసోడూ నిలబడదు. రెండో సీజన్‌లో లండన్‌లో ఉండే ఇటాలియన్ల మీద ఒకటి చేశారు, విడిగా చూస్తే ఫర్వాలేదు గానీ ఈ వరసలో దారి తప్పినట్టే ఉంటుంది. సీఎన్ఎన్ ఆపేశాక 2025లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో 'టూచీ ఇన్ ఇటలీ' అని మళ్లీ మొదలైంది, అందులో ఉత్తరాన ట్రెంటీనో, ఆల్టో ఆడిజె ఎపిసోడ్ చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేదాకా ఆస్ట్రియాలో ఉన్న నేల, ఇప్పటికీ పైభాగంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది జర్మన్, తినేది పాత రొట్టెతో చేసిన ఉండలు. ఇదీ ఇటాలియన్ వంటేనా అంటే, చట్టప్రకారం అవును.

2025 డిసెంబర్‌లో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో, మన దీపావళిని జాబితాలో చేర్చిన అదే సమావేశంలో, ఇటాలియన్ వంటనీ మానవాళి వారసత్వంగా గుర్తించారు. రోమ్‌లో సంబరాలు చేసుకున్నారు. పార్మా విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే అల్బెర్టో గ్రాందీ లాంటివాళ్లు మాత్రం చాలా కాలంగా వేరే పాట పాడుతున్నారు: మీరు తాతల నాటిదనుకునేవాటిలో సగం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టినవే అని. ఆయన మాటలకి అక్కడ జనం మండిపడతారు, అందులో కొంత అతి కూడా ఉంది. కానీ కార్బొనారా విషయంలో ఆయన్ని కొట్టిపారేయడం కష్టం. గుడ్డు సొన, పంది దవడ మాంసం, పెకొరినో, మిరియాలు, ఇంకేం వేసినా రోమ్ వాళ్లు యుద్ధానికి వస్తారు. క్రీమ్ వేశారా, ఇక ఆ ఊళ్లో అడుగు పెట్టకండి. అయితే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్బొనారా అనే పేరే వంటల పుస్తకాల్లో కనపడదు. ఇటలీలో ఒక వంటల పత్రిక 1954 ఆగస్టులో అచ్చువేసిన కార్బొనారాలో పెకొరినో బదులు స్విట్జర్లాండ్ గ్రుయేర్ చీజ్ ఉంది. దవడ మాంసం బదులు పొట్ట మాంసం ఉంది. వెల్లుల్లి కూడా ఉంది.